గొలుసు లేని సర్వేయరు

పోయిన ఆదివారం మా మేనకోడలు పది పుస్తకాలు మోసుకొచ్చి బల్ల మీద పేర్చింది. త్సుతోము నిహెయి గీసిన ‘బ్లామ్!’ అనే జపాన్ మాంగా. 1997 నుంచి 2003 దాకా కొడాన్షా వారి ‘ఆఫ్టర్‌నూన్’ మాసపత్రికలో వచ్చింది. “మామయ్యా, ఈ నగరం ఏదో తెలుసా? కాఫ్కా కోట ఇదే. లోపల్నుంచి చూస్తే ఇలా ఉంటుంది” అంది. తన దగ్గరో నోటుపుస్తకం కూడా ఉంది. అందులో పేజీ నంబర్లతో సహా రుజువులు రాసుకుంది.

ఆ మాంగా చూడనివాళ్లకు రెండు మాటలు. కిల్లీ అని ఒక మనిషి నడుస్తుంటాడు. మాటలు చాలా తక్కువ, కొన్నిచోట్ల పేజీలకు పేజీలు ఒక్క మాటా ఉండదు. అతను నడిచేది అంతులేని కట్టడంలో. అంతస్తు మీద అంతస్తు, గోడ వెనక గోడ. నేల లేదు, ఆకాశం లేదు. కట్టే యంత్రాలు ఇంకా కడుతూనే ఉంటాయి. ఆపమని చెప్పగల అధికారం ఒకప్పుడు మనుషుల రక్తంలోని ఒక జన్యువుకు ఉండేది. ఏదో అంటురోగంలో ఆ జన్యువు పోయింది. అది మిగిలిన మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని కిల్లీ వెతుకుతుంటాడు. ఒకచోట గురుగ్రహం పట్టేంత ఖాళీ గది వస్తుంది. గురుగ్రహం అడ్డుకొలత సుమారు 1,43,000 కిలోమీటర్లు.

బొమ్మలకు నేను లొంగిపోయాను. థియరీకి మాత్రం చిరాకేసింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలుసు. ఒక రచన చూడగానే ఇంకో రచన పేరు చెప్పి చేతులు దులుపుకోవడం నాకు గిట్టదు. త్రిపుర ‘భగవంతం కోసం’ చదివిన నా మిత్రులు కొందరు “బెకెట్ గోడో కదా” అని పుస్తకం మూసేశారు. ఆ కథలో నిరీక్షణ ఎలాంటిదో, ఆ వాక్యాలు ఎలా నడుస్తాయో మళ్లీ చూడలేదు. పోలిక దొరికిన క్షణాన చదవడం ఆగిపోతుంది. అందుకే ఇలాంటప్పుడల్లా నేను మెదక్ జిల్లా కొలచారం వైపు చూస్తాను. కాళిదాసుకు ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన ఆ ఊరి మల్లినాథ సూరి మాటిచ్చాడు కదా, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని. ఫ్యాన్ థియరీలకు అంతకన్నా గీటురాయి లేదని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను.

ఆ గీటురాయి మీదే మేనకోడలి థియరీని గీశాను. మొదటిది, పేరు. అట్ట మీది ‘బ్లేమ్’ అనే ఇంగ్లిషు మాటకు నింద అని అర్థం కాబట్టి, కాఫ్కా ‘విచారణ’లోని నేరారోపణ దాకా తాడు లాగింది తను. కానీ జపనీయులు దాన్ని పలికేది బురాము అని. అది తుపాకీ పేలిన చప్పుడు. ఆ తాడు అక్కడే తెగింది. రెండోది, భూగోళం. కాఫ్కా ‘కోట’ నవలలో కోట ఒక గుట్ట మీద ఉంటుంది. దగ్గర్నుంచి చూస్తే అది కోటలా కూడా ఉండదు, పొట్టి ఇళ్ల గుంపు, ఒక బురుజు, దాని చుట్టూ కాకులు. కింద మంచులో ఊరు. కె. అనే మనిషి ఎంత నడిచినా ఆ గుట్ట చేరడు. అంటే అతని బాధంతా లోపలికి పోలేకపోవడం. కిల్లీకి అసలు బయట అన్నదే లేదు. ఒకటి తలుపు తెరుచుకోని ఇల్లు, ఇంకోటి బయటికి తలుపే లేని ఇల్లు. రెండూ ఒకటెలా అవుతాయి? మూడోది, నిహెయి బొమ్మలు నేర్చిన దారి వేరు. మాంగాలోకి రాకముందు అతను కట్టడాల పనిలో ఉన్నవాడు. ఆ ఇనుప దూలాలు, ఆ లోతులు నవలల్లోంచి రాలేదు.

తను వింటూ కూర్చుంది. చివర్న ఒక్కటే అడిగింది. “కె. చేసే పనేంటి మామయ్యా?”

సర్వేయరు, అన్నాను. అన్నాక కాసేపు మాట రాలేదు.

మా నాన్న, అంటే తన తాతయ్య, సర్వే శాఖలో పనిచేశాడు. రిటైరైన ఏడాది కంటికి ఆపరేషనై పది రోజులు కట్టుతో ఉన్నాడు. పేపరు చదవకుండా ఉండలేని మనిషి. పొద్దు పోవడానికి నేను చదువుతున్న ఈ కాఫ్కా నవలే రోజుకింత తెలుగులో చెప్పేవాణ్ని. 1930 నాటి మ్యూర్ దంపతుల ఇంగ్లిషు అనువాదం అది. కథానాయకుడు సర్వేయరని తెలియగానే నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఊరి పెద్ద ఇంట్లో కాగితాలు వెతికే ఘట్టం చెప్పాను. ఎప్పుడో ఒక సర్వేయరు కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది, అక్కర్లేదని వీళ్లు జవాబు రాశారు, ఆ జవాబు ఒక విభాగానికి బదులు ఇంకో విభాగానికి పోయింది, పోయినది కూడా ఖాళీ అట్టే. నేను ఎంతో మురిసిపోతూ చెప్పిన ఆ భాగం నాన్నకు వింతగా తోచలేదు. ఊఁ అని దాటేశాడు. ఆయన ఆగింది వేరే చోట.

మొదటి రాత్రే కె. సత్రంలో చెబుతాడు, తన సహాయకులు పనిముట్లతో రేపు బండిలో వస్తారని. మర్నాడు ఇద్దరు వస్తారు. మేమే మీ పాత సహాయకులం అంటారు. పనిముట్లేవి అంటే లేవంటారు. సర్వే తెలుసా అంటే తెలియదంటారు. ఆ బండి నవలలో ఇక రాదు.

“ఒరే, ఆ సామాను బండి ఏమైందిరా?” అన్నాడు నాన్న. నాకు తెలియదన్నాను. రాత్రంతా దాని మీదే ఉన్నట్టున్నాడు. పొద్దున్నే చెప్పాడు. “సర్వేయరు గొలుసు వదిలేసి ముందు రాడు. వచ్చాడంటే నమ్మకమైనవాళ్ల చేతికిచ్చి వచ్చుండాలి. వాళ్లు బండి విరిగినా మోసుకుని నడిచొస్తారు. రాలేదంటే అతను వచ్చాక దారి లేదన్నమాట. అతను పొలిమేర దాటేశాడు. కోట బయట ఉన్నాననుకుంటున్నాడు గానీ లోపలే ఉన్నాడు.”

అప్పుడు అది ముసలాయన ముచ్చటనుకున్నాను. ఆ ఆదివారం మేనకోడలు అడిగాక లేచి పుస్తకం తీశాను. మొదటి అధ్యాయంలోనే ఉంది. ఈ ఊరు కోటదేనని, ఇక్కడ రాత్రి తలదాచుకున్నవాడు ఒక రకంగా కోటలో ఉన్నట్టేనని, కె.ను నిద్ర లేపిన కుర్రవాడు చెబుతాడు. తర్వాత ఊరి బడిపంతులు కూడా ఊరివాళ్లకూ కోటకూ తేడా లేదంటాడు. నేను చదివిన వాక్యాలే. గుట్ట మీదే చూపు పెట్టుకుని వాటి మీదుగా వెళ్లిపోయాను. నాన్న గొలుసు కోసం వెతుకుతూ అక్కడికి చేరాడు.

నాన్నకు పోయిన హద్దురాయిని పట్టుకోవడం వచ్చు. దాని గురించి చెప్పాలి. పొలం గట్టున రాయి పోయిందనుకోండి, ఎవరో పీకేశారో, వరదకు కొట్టుకుపోయిందో. పక్కనున్న ఒక రాయి నుంచి అది ఎంత దూరమో కొలతల పుస్తకంలో ఉంటుంది. ఆ ఒక్క కొలతతో ఏమీ తేలదు, ఆ దూరంలో చుట్టూ ఎక్కడైనా ఉండొచ్చు. అందుకని రెండో రాయి నుంచి కూడా గొలుసు తిప్పాలి. రెండూ రెండుచోట్ల కలుస్తాయి. ఏది నిజమో మూడో రాయి చెబుతుంది. “ఒక్క కొలతతో రాయి పాతినవాడు తగువు పాతినట్టే” అనేవాడు.

ఫ్యాన్ థియరీల మీద నా చిరాకంతా ఒక్క కొలతతో రాయి పాతేవాళ్ల మీదేనని ఇప్పుడు అర్థమవుతోంది. మేనకోడలి నోటుపుస్తకం మళ్లీ తెరిచి, ఈసారి తన రాళ్లు లెక్కపెట్టాను. బయట లేకపోవడం ఒకటి. ఆ పోలిక నేను లేదన్నాను, మూలమే ఉందంటోంది. రెండోది తను నాకన్నా బాగా రాసింది. ‘బ్లామ్!’లో పాలనా మండలి ఒకటుంది. అది దుర్మార్గం కాదు, మనుషులకు మళ్లీ నగరం మీద పట్టు రావాలనే కోరుకుంటుంది. కానీ జన్యువు లేనివాణ్ని లోపలికి రానివ్వకూడదన్న నిబంధనను తనే మీరలేదు. ఆ నిబంధన అమలుకు పుట్టిన సేఫ్‌గార్డులు కనిపించిన మనుషులందరినీ చంపుతుంటాయి. ఇచ్చిన ఆజ్ఞ ఉంది, ఉపసంహరించుకునే నోరు లేదు. ఖాళీ అట్ట వేరే విభాగానికి చేరినా పని సాగిపోయే కార్యాలయానికీ దీనికీ కొలత సరిగ్గా కలుస్తోంది. బోర్హెస్ 1941లో రాసిన ‘బేబెల్ గ్రంథాలయం’ కథను కూడా తను పక్క రాయిగా పెట్టుకుంది. షడ్భుజి గదుల ఆ గ్రంథాలయానికీ అంచు లేదు, అక్కడా ఒక్కదాని కోసం తరాలు వెతుకుతాయి.

మల్లినాథుడి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆయన వాడిన మాట అమూలం. ఇన్నేళ్లూ దాన్ని ‘ఈ పుస్తకంలో లేనిది’ అని చదువుకున్నాను, మీకూ అలాగే చెప్పాను. తప్పు చెప్పాను. అమూలం అంటే వేరు లేనిది, ఆధారం లేనిది. ఆయన వ్యాఖ్యలు తిరగేస్తే ప్రతి శ్లోకానికీ అమరకోశం నుంచి, వ్యాకరణం నుంచి, అలంకార శాస్త్రం నుంచి తెచ్చి చూపిస్తాడు. కాళిదాసు బయటి రాళ్ల నుంచే గొలుసు లాగి కాళిదాసును కొలిచాడు. వేరే పుస్తకం పేరెత్తడం ఆయన లెక్కలో నేరమే కాదు, ఆ రాయి నిజంగా పాతి ఉందా లేదా అన్నదే లెక్క. నాన్న పాతుకున్న రాయి ముప్ఫై ఏళ్ల వృత్తి. నిహెయికి ఇనుప దూలాలు. నేను వాటిని నవలలకు వ్యతిరేకంగా నిలబెట్టాను, నిజానికి అవీ పక్క రాళ్లే.

అయినా మూడో కొలత కలవలేదు. అది మేనకోడలికే చెప్పాను. కె. ఆ ఊళ్లో ఉండిపోవాలనుకుంటాడు. ఇల్లు, పని, గుర్తింపు, ఒక పెళ్లి కావాలి. కిల్లీ ఎక్కడా ఆగడు, అతనికి దాటిపోవాలి. ఒకే చోట ఉన్న ఇద్దరు మనుషులు ఇంత ఎదురెదురుగా నడుస్తారా? తను చాలాసేపు ఆలోచించింది. “కె.కి సామాను బండి వచ్చుంటే?” అంది. “గొలుసు చేతికొస్తే కొలుచుకుంటూ పోయేవాడేమో. కిల్లీలాగా.” నవల వాక్యం మధ్యలో ఆగిపోయింది. కాఫ్కా 1922లో రాశాడు, 1924లో పోయాడు, 1926లో మాక్స్ బ్రాడ్ అచ్చేయించాడు. ఆ బండి రాకూడదని ఎక్కడా లేదు.

అటక మీంచి నాన్న గొలుసు దింపాను. 66 అడుగులు, 100 లింకులు, పది లింకులకొక ఇత్తడి బిళ్ల, ఒక పన్నుది పది, రెండు పళ్లది ఇరవై, నడిమధ్యన గుండ్రటిది. గురుగ్రహమంత గది కొలవాలంటే దీన్ని సుమారు 71 లక్షల సార్లు చాచాలని తను ఫోనులో లెక్కేసింది. హాల్లో ఈ గోడకు ఒక కొస ఆనించి నేను పట్టుకున్నాను. తను రెండో కొస పట్టుకుని వంటింట్లోంచి వెళ్లింది. నాలుగు పళ్ల బిళ్ల దగ్గర వెనక తలుపొచ్చింది. తలుపు తీసి, మిగిలిన అరవై లింకులూ మెట్ల మీదుగా లాక్కుంటూ పై అంతస్తుకు పోయింది.