బీడీల చాట పక్కన నవల

సాహిత్యం చదివే పిల్లలు నా దగ్గరికొస్తే మొదట చెప్పేది ఇదే: ఒక అధ్యాయం చదవగానే పుస్తకం మూసేసి, ఆ కథ ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి.

మా షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్‌పేట, అశోక్ చౌక్, దత్తనగర్ వైపు, ఇది తేలిక. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తాతముత్తాతలు తెలంగాణ పల్లెల నుంచి నేత పనికి వలస వచ్చినవాళ్లు. తండ్రి పవర్‌లూమ్ మీద తువ్వాళ్లో చద్దర్లో నేస్తుంటే, తల్లి ఇంట్లో తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంది. ఆమె చేతులకు తీరిక లేదు, చెవులకు ఉంది. పైగా అర్థం కానిది అర్థమైనట్టు తలూపదు.

సానే గురూజీ మరాఠీ నవల ‘శ్యామ్‌చీ ఆయీ’ చూడండి. 1933 ఫిబ్రవరిలో నాసిక్ జైల్లో రాశారు, 1935లో అచ్చయింది. శ్యామ్ ఆశ్రమంలో తోటివాళ్లకు రాత్రికొకటి చొప్పున తల్లి ముచ్చట్లు చెబుతుంటాడు. అధ్యాయాల పేర్లూ రాత్రులే. ఈతకు భయపడి దాక్కున్న శ్యామ్‌ను తల్లి కొట్టి బావికి పంపుతుంది. మా వాడకట్టులో ఒక అమ్మాయి ఆ ఘట్టం చెబుతుంటే వాళ్లమ్మ చాట మీంచి తలెత్తకుండానే అడిగిందట: “గివన్నీ కొడుకే చెప్తుండు గదా. ఆ తల్లి కడుపుల ఏమున్నదో ఎవలు చెప్పాలె బిడ్డా?”

గైడ్లు ఈ నవలను మాతృప్రేమ అని రెండు పేరాల్లో ముగిస్తాయి. ఈ ప్రశ్న దగ్గర నవల తెరుచుకుంటుంది. తల్లి పోయాక, ఆమెను పూజించే కొడుకు నోట మాత్రమే మనం ఆమెను వింటున్నాం. ఆ అమ్మాయి నోట్‌బుక్కులో గీత గీసి, తల్లి స్వయంగా అన్న మాటలు ఒకవైపు, శ్యామ్ తీసిన భావాలు ఇంకోవైపు రాసుకుంటూ మళ్లీ మొదటి రాత్రి నుంచి చదివింది. అప్పులవాడి మనిషి ఇంటికొచ్చి అవమానించే చోట ఆగిపోయింది. అక్కడ తల్లి గొంతు వేరు. పరీక్షలో ఆమె రాయాల్సిన వ్యాసం అప్పటికే సగం తయారైనట్టు.

నోటితో చెప్పడం అన్ని నవలలకూ చాలదు. భాలచంద్ర నేమాడే ‘కోసలా’ (1963) చెప్పి చూడండి. పల్లె నుంచి పుణె కాలేజీకి పోయిన పాండురంగ్ సాంగవీకర్ ఏమీ సాధించకుండా తిరిగొస్తాడు. “గంతేనా?” అంటారు ఇంట్లో. ఆ నవల బలమంతా అతని మాటతీరులో ఉంది. ‘ఉదాహరణార్థ్’, ‘వగైరా’ అని అతను పదేపదే అంటుంటాడు. కథ చెప్పేటప్పుడు మనం వదిలేసేవి సరిగ్గా అవే. అందుకే చెప్పడం అయ్యాక పెన్సిల్ పట్టుకుని పుటల్లోకి తిరిగి వెళ్లాలి, వదిలేసిన మాటల కింద గీతలు గీయాలి. చిన్న చెల్లెలు మణి చనిపోయే చోట అతని మాటతీరు ఏమవుతుందో అంతకుముందు పుటలతో పక్కపక్కన పెట్టి చూడండి. తరగతిలో చర్చ అక్కడ మొదలుపెట్టండి.