మూతి ఎటు పెట్టి ఆపేరు?

మారేడుమిల్లి నుంచి గుడిస ఎక్కే దారిలో మా పాత డీజిల్ జీపు మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ ఎత్తు మీదే. ముందు ఇంజను గొంతు తగ్గేది, ఎంత తొక్కినా పలికేది కాదు, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. డీజిల్ ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే నురగ వచ్చేది. బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా కొట్టి స్క్రూ బిగిస్తే మళ్లీ స్టార్టయ్యేది. ఎయిర్ పట్టిందన్నమాట. డీజిల్ బండి ఉన్నవాళ్లకి ఇదేం వింత కాదు. ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే తేలలేదు.

ట్యాంకు నుంచి పంపు దాకా పైపంతా గుడ్డతో తుడిచి చూశాను. ఎక్కడా తడి లేదు. కారడం లేదు కాబట్టి లీకు లేదనుకున్నాను. ఫిల్టర్లు మార్చాను. ఇంజెక్షన్ పంపు దింపించి క్యాలిబ్రేషన్ చేయించాను. దానికైన ఖర్చు ఇంట్లో ఇప్పటికీ సగమే చెప్పాను. రాజమండ్రి వీధుల్లో ఏ పేచీ లేదు. ఘాటు ఎక్కితే మళ్లీ అదే దగ్గు.

చివరికి ఒక పెద్దవయసు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు.

"రాత్రి బండి మూతి ఎటు పెట్టి ఆపేరండీ?" అన్నాడు.

మా ఇంటి ముందు కాస్త వాలు. మూతి ఎత్తుకు పెట్టి ఆపితే పొద్దున్నే బ్యాటరీ నీరసించేదాకా సెల్ఫ్ కొట్టాలి. పల్లానికి పెడితే ఒక్క తిప్పుకే అందుకుంటుంది. ఇన్నాళ్లూ అది చలి వల్ల అనుకుంటున్నాను. రాజమండ్రిలో చలి!

సంగతేమిటంటే, ట్యాంకులోని డీజిల్‌ని పంపు పీల్చుకోవాలి. పీల్చే పైపులో సందుంటే డీజిల్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. అందుకే నా గుడ్డకి తడి అంటలేదు. ఎత్తెక్కేటప్పుడు వెనకనున్న ట్యాంకు పంపు కన్నా ఇంకా కిందికి దిగుతుంది. పంపు మరింత గట్టిగా పీలుస్తుంది, సందులోంచి గాలీ మరింత వస్తుంది. మూతి ఎత్తుకు పెట్టిన రాత్రి పైపులోని డీజిల్ మెల్లగా వెనక్కి జారి ట్యాంకులో పడుతుంది.

మేస్త్రి పంపు ముందు ఒక జానెడు పారదర్శకమైన పైపు ముక్క తగిలించి ఇంజను ఆన్ చేశాడు. బుడగలు వరసకట్టి వస్తున్నాయి. ఒక్కో జాయింటే చూసుకుంటూ వెనక్కి వెళ్తే, ట్యాంకు దగ్గర రాగి వాషర్ తేలింది. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మళ్లీ వేశాడు. ఉక్కుని అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడి సందుకి అతుక్కుంటుంది. నిరుడు ట్యాంకు కడిగి, గట్టిపడిపోయిన ఆ వాషర్నే తిరిగి బిగించింది నేనే. ఇంకెవర్ని తిట్టను?

ఆ మేస్త్రి ప్రశ్న విన్నాక నాకు స్పేర్లు కొనే తొందర తగ్గింది. యాభై, అరవై వేగంలో గుంత తగిలితే ముందు చక్రాలు గజగజ కొట్టుకోవడం పాత జీపులకి మామూలే. అందరూ స్టీరింగ్ డాంపర్ వేయమంటారు. అది వణుకుని కప్పిపెడుతుంది తప్ప మాన్పదు. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఇంకొకర్ని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగిందంటే వీల్ బేరింగు. ఆగకపోతే కింగ్‌పిన్ బేరింగులు. మాదాంట్లో కింగ్‌పిన్నే. రెండూ బాగుంటే టై రాడ్ ఎండ్లు, ఆ తర్వాత లీఫ్ స్ప్రింగుల బుష్షులు చూడాలి.

వేడెక్కడం గురించి ఒక్క మాట. రేడియేటర్లో బోరు నీళ్లు పోసేవాళ్లు మా వైపు చాలామంది. ఆ సుద్ద లోపలి గొట్టాలకి పట్టేశాక ఫ్యాన్ బెల్టు మార్చి ఏం లాభం? కూలెంట్ పోయండి. వేడి మీద మూత మాత్రం విప్పకండి.

కొందరు కుర్రాళ్లు పాత జీపు కొన్న వారానికే పెద్ద టైర్లు, వించి, బంపర్ మీద వరస లైట్లు బిగిస్తున్నారు. బుష్షులు అరిగిన బండికి పెద్ద టైర్లు వేస్తే వణుకు ఇంకా పెరుగుతుంది. నాకైతే అది డబ్బు తగలేయడమే.

మీ డీజిల్ బండి కూడా పొద్దున్నే మొరాయిస్తుంటే, పంపు విప్పించే ముందు ఒక్క రాత్రి మూతి పల్లానికి పెట్టి ఆపి చూడండి. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టడం మర్చిపోకండి.