ఆర్టరీ – ధమని : వ్యుత్పత్తి విచారము

హృదయమునుండి రక్తమును కొనిపోవు నాళమునకు ఆంగ్లమున ‘ఆర్టరీ’ యనియు, తెలుగు శాస్త్రగ్రంథములందు ‘ధమని’ యనియు పేరు. రెండు పేళ్లకును వాయుసంబంధముండుటచే, ప్రాచీనులిరువురును ఒకే వస్తువును గుర్తించిరని కొంద ఱందురు. ఈ వాదము పరిశీలింపదగినది.

ఆర్టరీకి మూలమగు గ్రీకు ‘ఆర్తేరియా’ శబ్దము శ్వాసనాళమునకును చెల్లెను. శవమున నీ నాళములు బోలుగా కనబడును. క్రీ.పూ. 4వ శతాబ్దివాడైన ప్రాక్సాగొరస్ వీనిలో వాయువే సంచరించునని తలచెను, క్రీ.శ. 2వ శతాబ్దిని గేలెన్ రక్తమే కలదని నిరూపించెను. ‘వాయువును కాచునది’ యను వ్యుత్పత్తి యా పాతనమ్మకమునకు తగినదే కాని, ‘ఎత్తు’ అను నర్థముగల ‘ఐరో’ ధాతువుతో సంబంధమే భాషావేత్తల కెక్కువ సమ్మతము. కావున గ్రీకుశబ్దమునకు వాయుసంబంధమే సందిగ్ధము.

‘ధమని’ యన్ననో, ఊదుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినదనుట స్పష్టము. ఋగ్వేదమున ఊదుట యనియు, అథర్వవేదమున దేహనాళమనియు దీని కర్థము. సుశ్రుతుడు సిరలను, ధమనులను, స్రోతస్సులను వేఱుపఱచి, ధమనులు 24 అనియు, నాభినుండి పుట్టుననియు, శబ్దస్పర్శాదులను శ్వాసను వహించుననియు చెప్పెను. ఇది నేటి ఆర్టరీ కాదు.

వ్యవహారమున ‘నరము’ రక్తనాళమునకును, జ్ఞాననాడికిని చెల్లుచుండుటచే, ‘ధమని’ని ఒక్క యర్థమునకు నియమించుట శాస్త్రమునకు మేలే. అయినను ఆ నియమము నేటిది. దానిని సుశ్రుతునిపై నారోపించి చదువుట ఆయన శాస్త్రమును గౌరవించుట కాదు, మఱుగుపఱచుట.