జపాను త్రాటి యల్లిక – ఆభరణముల మన్నిక

ఆభరణమును పరీక్షించువారు బంగారపు వన్నెను, రాతి కాంతిని చూతురు. వానిని మోయు త్రాటిని చూచువారు అరుదు. అయినను కాసులపేరు గాని, గుండ్లదండ గాని తెగినపుడు తెగునది బంగారము కాదు, దారమే. అప్పుడప్పుడు దారము మార్చి మరల గ్రుచ్చించుకొనుట తెలుగు గృహములలో చిరకాలముగ నున్న వాడుక. దండ మన్నిక త్రాటి మన్నికయే యని ఈ వాడుక చాటుచున్నది. చంద్రపూరు ప్రాంతపు తెలుగు స్త్రీలకు చేతిపనిగా జపాను అల్లికను నేర్పదలచువారు మొదట గమనింపవలసినది ఈ సత్యమునే.

ఈ విద్యకు ‘కుమిహిమో’ యని పేరు. కుమి యనగా కూర్పు. హిమో యనగా త్రాడు. నారా నగరమందలి షోసోఇన్ భాండాగారమున 8వ శతాబ్దపు అల్లిక త్రాళ్ళు నేటికిని భద్రముగా నున్నవి. తరువాతి కాలమున యోధుల కవచపు రేకులను కూర్చుటకును, కత్తి యొరలను కట్టుటకును పట్టుత్రాళ్ళు వాడబడెను. 1876లో కత్తులు ధరించుట నిషేధింపబడగా పనివారి జీవనము దెబ్బతినెను. వారు స్త్రీల నడికట్టుపై బిగించు ‘ఒబిజిమే’ త్రాళ్ళవైపు మరలిరి. యుద్ధమునకై పుట్టిన గట్టిదనము ఈ విధముగ అలంకారమునకు సంక్రమించెను.

ఆ గట్టిదనమునకు కారణము పరికరమందే కన్పించును. ‘మారుదాయ్’ అను గుండ్రని పీట అంచునుండి బరువైన కండెలు వ్రేలాడును. అల్లిన భాగము నడిమి రంధ్రమునుండి క్రిందికి దిగును. దానికి వేఱొక బరువు కట్టుదురు. అది సాధారణముగ కండెల మొత్తపు బరువులో ఇంచుమించు సగముండును. అది హెచ్చిన అల్లిక వదులగును, తగ్గిన బిగియును. 8 పోగుల ‘కొంగో’ అల్లిక గుండ్రనిది, గట్టిది. కొంగో యను మాట సంస్కృతమందలి ‘వజ్ర’ శబ్దమునకు జపానులో నిలిచిన అనువాదము. ఇందు భారము ఏ ఒక్క పోగుపైనను నిలువక అన్నింటికిని పంచబడును.

నేడు విరివిగా నేర్పు పద్ధతి వేఱు. చేత పట్టు నురుగు పలక అంచున 32 గాట్లును, వాని ప్రక్క అంకెలును ఉండును. అంకెల క్రమము ననుసరించిన ఒక్క పూటలో అల్లిక వచ్చును. ఈ సౌలభ్యము నిందింపదగినది కాదు. కాని అంకెలు నేర్చినవారందఱు బిగువు నేర్చినవారు కారు. పలక వాడుకలో నలిగి గాట్లు వదులైనపుడు అల్లికయు ఎగుడుదిగుడగును. పూసలు కూర్చునపుడు ప్రతి పూసయు అడ్డుగ వచ్చు పోగు క్రింద నొదుగవలెను. లేనిచో పైకి తేలును. గాజుపూస రంధ్రపు అంచు పదునైనచో దారమును కోయును. అన్నింటికంటె పెద్ద లోపము చివరల యందున్నది. కొనలను దారముతో బిగియగట్టక జిగురుపైననే భారము వేసిన, టోపీ ఊడి దండ జారిపోవును. నైలాను కొనలను కరగించి అతుకవచ్చును; పట్టు కరగదు, మాడును. ఈ భేదము తెలియని శిక్షణ అసంపూర్ణము.

పరాయి విద్య మన నేలపై నిలుచునా యను శంకకు ఇగా పట్టణము సమాధానము. హిరోసావా తోకుసబురో టోక్యోలో ఈ పని నేర్చి, 1902లో స్వస్థలమైన ఇగాకు మరలి కర్మశాల నెలకొల్పెను. 1976లో ఇగా అల్లికను జపాను ప్రభుత్వము సంప్రదాయ శిల్పముగ గుర్తించెను. చంద్రపూరునకును తగిన సంపత్తి కలదు. చుట్టుపట్ల దసలి పట్టు పండును. ఎల్ల దాటిన చెన్నూరు, మహదేవపురము ప్రాంతములును దానికి పేరుపడినవే. 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజురా తాలూకా నేడు చంద్రపూరు జిల్లాలోనిది. కావున ఇచ్చట తెలుగు మాటలోనే శిక్షణ సాగవచ్చును. అయితే దసలి మల్బరీ పట్టువలె నునుపుగా నుండదు, రంగును సులువుగ పట్టదు. అల్లి, లాగి, పరీక్షించిన పిమ్మటనే దానిని గ్రహింపవలెను.

కావున రెండవ నమూనా నేర్పుటకు ముందే ఒకే నమూనాను మూడు వేర్వేఱు బరువులతో అల్లించి, శిష్యురాలి చేతనే పోల్చి చూపించుట మేలు. చేతిపనితో నాలుగు రూపాయలు గడింపదలచిన స్త్రీకి రంగుల పొందిక మొదటి బేరము తెచ్చును. ఆ దండ నెలలోపల తెగినచో కొన్నవారు మరల రారు. రెండవ బేరమును తేగలది బిగువొక్కటే.