లేచిన... ఎవరు?

లియాన్ నగరంలో ఉండే నా విద్యార్థిని ఒకరోజు అత్తతో ఫోన్ మాట్లాడుతూ చిక్కుపడింది. ఆమె ఫ్రెంచి అమ్మాయి, హన్మకొండ అబ్బాయిని పెళ్లి చేసుకుంది. అత్తతో అత్త భాషలోనే మాట్లాడాలన్న పట్టుదలతో వారానికి రెండు సాయంత్రాలు నా దగ్గర ఆన్‌లైన్‌లో తెలుగు నేర్చుకుంటోంది. ఆ రోజు అత్త "పొద్దుగాల్నే లేచిన బిడ్డా, చాయ్ తాగిన" అన్నదట. ఈ పిల్ల ఫోన్ చెవికి ఆనించుకొని తరువాతి మాట కోసం ఎదురుచూసింది. లేచిన... ఎవరు? తాగిన... ఏమిటి?

ఆమె తప్పేమీ లేదు. 'లేచిన' తరువాత 'మనిషి' అనో, 'తాగిన' తరువాత 'చాయ్' అనో ఒక నామవాచకం రావాలని నేర్పింది నేనే. 'నేను లేచాను, నేను తాగాను' అని పుస్తకంలో ఉన్నట్టు వల్లె వేయించిందీ నేనే. ఇంట్లో పొద్దస్తమానం 'వచ్చిన, పోయిన, తిన్న' అనే మనిషిని పాఠం చెప్పేటప్పుడు మాత్రం నా ఇంటి మాటను గడప బయట వదిలేశాను. ప్రజాకవి కాళోజీ నడిచిన ఊళ్లో ఉంటూ, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా ఏటా జరుపుకుంటూ చేసిన పని అది. చాలా రోజులు బాధపడ్డాను.

ఈ మధ్య డిగ్రీ పిల్లలు ఒక ప్రశ్న తరచు అడుగుతున్నారు. "సార్, ఫ్రెంచోళ్లు ఫ్రెంచి చెప్పుకుంట దేశాలన్ని తిరుగుతున్నరు. మనకు తెలుగు పుట్టుకతోనే వచ్చె గద, మనకట్ల కొలువు దొరకదా?" దొరుకుతుంది. కానీ ఫ్రెంచివాళ్లకు కూడా పుట్టుక ఒక్కటే కూడు పెట్టడం లేదు. ఫ్రెంచిని పరభాషగా నేర్పడం వాళ్ల విశ్వవిద్యాలయాల్లో ఒక ప్రత్యేక శాస్త్రం, అందులో పీజీ చేయవచ్చు. నేర్చుకునేవాడి స్థాయిని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు, డెల్ఫ్, డాల్ఫ్ పరీక్షలు ఆ మెట్ల మీదే నడుస్తాయి. వాక్యం సరిగ్గా పలకగలిగితే చాలదు, అది అలా ఎందుకుందో కూడా చెప్పగలగాలి.

చాలా ఏళ్ల కింద ఒక విదేశీ విద్యాసంస్థలో తెలుగు చెప్పే పనికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో పది నిమిషాల పాఠం చెప్పమన్నారు. 'లేదు'కూ 'కాదు'కూ తేడా ఏమిటని అడిగారు. "అలవాటుతో వస్తుందండి" అన్నాను. ఎం.ఏ. తెలుగులో ఛందస్సు చదివినవాణ్ని, అలంకారాలు చదివినవాణ్ని, ఆ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం రాలేదు. రాకపోవడమే న్యాయం.

ఇప్పుడైతే పులితో మొదలుపెడతాను. "అది పులి కాదు" అంటే పొదలో ఏదో ఉంది, పులి మాత్రం కాదు. "అక్కడ పులి లేదు" అంటే పొదలో పులి జాడే లేదు. అడవిలో ఉన్నవాడికి ఈ తేడా ప్రాణంతో సమానం. మన అయిదేళ్ల పిల్లవాడు ఇందులో ఎన్నడూ పొరపడడు. ఫ్రెంచి మనిషి రెండుచోట్లా ఒకే 'న... పా' వాడుతుంది కాబట్టి ఆమె పొరపడుతుంది. 'మనం', 'మేం' దగ్గరా అంతే. ఆమెకు రెంటికీ ఉన్నది ఒక్కటే మాట, 'నూ'. కొత్త కోడలు అత్తతో "మేం బతుకమ్మ ఆడతాం" అన్నదంటే, ఆటలో అత్తకు చోటు లేదని చెప్పినట్టే. ఆమె ఉద్దేశం అది కాదు. అత్త మనసుకు మాత్రం తగులుతుంది. వ్యాకరణం నేర్పడమంటే ఇలాంటి చోట మనిషి చెయ్యి పట్టుకోవడమని నాకు ఆలస్యంగా తెలిసింది.

మాతృభాషను మనం లోపలి నుంచి చూస్తాం, గోడలు కనపడవు. బయటి నుంచి వచ్చినవాళ్లకు తలుపు ఎక్కడుందో, గడప ఎంత ఎత్తుందో తెలుస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి ఆధునిక తెలుగుకు ఇంగ్లిష్‌లో రాసిన వ్యాకరణం 1985లో వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరికే తెలుగు పుట్టుభాష. ప్యారిస్‌లోని ఇనాల్కో అనే విద్యాసంస్థలో తెలుగు చెప్పిన డానియెల్ నెజెర్స్ ఫ్రెంచివాడు, మన బుర్రకథ మీద పరిశోధన చేశాడు. తెలుగు నేర్పాలనుకునే పిల్లలు ముందుగా ఇలాంటివాళ్లను చదవాలని నా గట్టి అభిప్రాయం.

కొలువుల సంగతి. వెల్చేరు నారాయణరావు 1971 నుంచి దశాబ్దాల పాటు అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు. అలాంటి శాశ్వత కొలువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కుర్రవాళ్లకు అందేది ఫుల్‌బ్రైట్ భాషా బోధన సహాయకుల పథకం. 21 నుంచి 29 ఏళ్ల లోపు ఇంగ్లిష్ టీచర్లు, ఆ శిక్షణలో ఉన్నవాళ్లు తొమ్మిది నెలలు అమెరికా కాలేజీలో తమ భాష నేర్పుతూ చదువుకోవచ్చు. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది భాషల్లో తెలుగు ఉందో లేదో చూసుకోండి. ఇక 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి ప్రవాసుల పిల్లలకు తెలుగు నేర్పుతోంది. ఎక్కడికి వెళ్లినా "మీరు పుట్టింది ఎక్కడ" అన్న ప్రశ్న ఒకసారే వస్తుంది, "ఇది ఎందుకిలా" అన్నది రోజూ వస్తుంది.

లియాన్ అమ్మాయి పాఠాలు ఇప్పుడు రెండు వరుసల్లో నడుస్తున్నాయి. ఎడమ పక్క 'వచ్చాను', కుడి పక్క 'వచ్చిన'. 'వచ్చాడు' పక్కన 'వచ్చిండు'. మొదటిది పత్రిక చదవడానికి, రెండోది అత్త కోసం. రెండూ తెలుగే. పోయిన వారం ఆ అత్త నాకు ఫోన్ చేసింది. "సారూ, కోడలు పొద్దుగాల ఫోన్ జేసి, అత్తమ్మా నేను తిన్న, నువ్వు తిన్నవా అనడిగింది" అని చెప్పింది. ఆ గొంతులోని సంతోషం ఇంకా నా చెవుల్లోనే ఉంది.

కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు నా విన్నపం ఒక్కటే. తెలుగును పరభాషగా నేర్పే విద్య మీద ఏడాది డిప్లొమా ఒకటి పెట్టండి. అందులో వరంగల్ మాటకు పుస్తకాల మాటతో సమానంగా చోటివ్వండి. పాఠాలు రాయడానికి పిలిస్తే నేను వస్తాను, జీతం అక్కర్లేదు.