ఓడిన తీర్పు

వారమునకొక వ్యాసము వ్రాయు నావంటివానికి, పదుగురు ఔనన్న మాటను కాదని వ్రాయుటకంటె కష్టమైన పని వేఱొకటి లేదు; కాదనునప్పుడు కలము వేడెక్కును, వేడెక్కిన కలము వాదమును విడిచి వాదించినవానిపై బడును. ఈ దోషము నాలో తలయెత్తినప్పుడెల్ల బీరువాలోని లా రిపోర్టుల సంపుటము తీసి, కోకా సుబ్బారావుగారు 1962 డిసెంబరులో ఖరక్ సింగు కేసునందు వ్రాసిన అసమ్మతి తీర్పును మరల చదువుకొందును.

రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, మద్రాసు హైకోర్టున న్యాయమూర్తియై, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టున ప్రవేశించిన ఆయన యెదుటికి వచ్చిన మొర చూపునకు చిన్నదే. సాక్ష్యము చాలక దోపిడి కేసునుండి విడుదలయైన తనపై హిస్టరీ షీటు తెఱచి, పోలీసులు రాత్రివేళ తలుపు తట్టుచు, పోయిన చోటికెల్ల వెంబడించుచున్నారని ఒక ఉత్తరప్రదేశ్ వాసి విన్నవించుకొనెను. రాత్రి తనిఖీలు చెల్లవని ఆరుగురు న్యాయమూర్తులును ఏకీభవించిరి; తక్కిన నిఘా చెల్లునని నలుగురనిరి. సుబ్బారావుగారు, జస్టిస్ షా తోడురాగా, దేహమును బంధించుట స్వేచ్ఛాభంగమని ఎల్లరు నొప్పుకొను చోటనుండి బయలుదేరి, నీడవలె వెన్నంటు చూపు మనస్సును బంధించుటయు నట్టిదేయను చోటికి, ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో ముఖ్యాంగమను చోటికి, మెట్టు విడువక నడచిరి. సహచరులను నొప్పించు మాట అందులో నాకొక్కటియు కనబడలేదు.

1967 ఫిబ్రవరిలో, ప్రధాన న్యాయమూర్తిగా, ప్రాథమిక హక్కులను పార్లమెంటు హరింపజాలదని గోలక్‌నాథ్ కేసున ఆయన తీర్పు చెప్పినప్పుడు ఆరుగురు అటు, అయిదుగురు ఇటు. ఈసారి గెలుపు ఆయనదే. ఏప్రిలులో పదవి విడిచి రాష్ట్రపతి యెన్నికలలో నిలిచి, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిరి. గెలిచిన యా తీర్పును 1973లో కేశవానంద భారతి కేసున 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనము కొట్టివేసెను. 2017లో, కర్ణాటక హైకోర్టునుండి విశ్రాంతినొందిన న్యాయమూర్తి పుట్టస్వామిగారే పిటిషనరుగా నిలిచిన కేసున, 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కని తేల్చి, 55 ఏండ్లనాడు ఓడిన తీర్పునే సరియనిరి. మొదటిది కూలుట సుబ్బారావుగారు చూచిరి. 1976లోనే కన్నుమూసినందున రెండవదానిని చూడలేదు.

కావున, కోపము వచ్చిన వారము నా వ్యాసము ఒకరోజు ఆలస్యముగా చేరినచో, సంపాదకులు మన్నింతురుగాక.