మా మాటకు పేరెవరు పెడతారు?

ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ల మాటలు నా ఫోన్లో ఉన్నాయి. ఆదోని, కోసిగి పక్క మాదిగ గేరీల్లో రెండేండ్లు తిరిగి రికార్డు చేసుకున్నవి. బడి విడిచినాక, ఆదివారాలూ కూచుని రాసుకుంటే పదకొండు నోటుబుక్కులైనాయి. సేకరణ అయిపోయింది గదా, ఇంక విశ్లేషణ మొదలుపెట్టమన్నారు గైడు. ఆ రోజు నుంచి నాకు చేతులాడలేదు.

విశ్లేషణ అంటే ఏం చేస్తారు? వాక్యం వాక్యం చదివి ఒక్కో ముక్కకు ఒక పేరు పెడతారు. దాన్నే కోడ్ అంటారు. ఒక తీరు కోడ్లన్నీ ఒక గంపలో వేస్తారు. గంపలే అధ్యాయాలైతాయి. పేర్లు పెట్టించుకోవడం మా కులానికి కొత్త గాదు, పెట్టేవాని పక్క కూచోవడమే కొత్త.

నా మొదటి గంప ‘కరువు వలస’. మిరపకాయలు తెంపను గుంటూరు పక్క పోయినోళ్లందరినీ అందులో వేసినా. బాగుందన్నారు. తీరా నోటుబుక్కులు తిరగేస్తే వలస అనే మాట ఒక్కామె గూడా అనలేదు. అది నా ప్రశ్నల్లో ఉంది. వాళ్లన్న మాట సుగ్గి. ‘‘సుగ్గికి పోతిమి నాయనా, చిన్నోని చూసుకోను పెద్దపిల్లను ఎంటబెట్టుకోని పోతిమి.’’

సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, కూలి దొరికే కాలం. వలస అని రాస్తే కరువు తరిమిన మంద కనబడుతుంది. సుగ్గి అని రాస్తే కూలి లెక్క నోటికొచ్చిన మనిషి కనబడుతుంది. అట్లని వాళ్ల మాటను నెత్తిన పెట్టుకుంటే సరిపోతదా? సుగ్గి అనే ఆ తియ్యని మాట కిందనే పెద్దపిల్ల బడి పోయింది. మా చెల్లెలు అట్లనే అమ్మెంట పోయింది, నేను అవ్వ దగ్గరుండి డిగ్రీ దాకా వచ్చినా. ఇప్పుడు అట్ల పోయిన పిల్లలకు హాజరుపట్టీలో గైర్హాజరు వేసేది నేనే. అదీ కోడే. పద్నాలుగేండ్లుగా వేస్తా ఉన్నా.

కడపలో కొలువు చేసిన సి.పి.బ్రౌన్ వేమన రాతప్రతులు తెప్పించి, పోల్చి చూసి, 1829లో అచ్చేసినాడు. ఆ కష్టానికి దండం. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు గ్రంథాలయముంది. అయితే పద్యాల్ని నీతి, అధిక్షేపం లాంటి గంపల్లో వేరు చేసినాడు. కులాన్ని నిలదీసిన పద్యం ఏ గంపలో పడాల? నీతిలో వేస్తే పిల్లలు అప్పజెప్పే పాఠమైతది, అధిక్షేపంలో వేస్తే ఎగతాళైతది. రెంటిలోనూ కులమున్నోడు తప్పించుకుంటాడు.

1967లో గ్లేజర్, స్ట్రాస్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్తలు సేకరణా విశ్లేషణా జతగా నడవాలని పుస్తకమే రాసినారు. నేను మొత్తం పోగేసుకుని తలుపేసుకుని కూచున్నా. తప్పు అక్కడుంది.

అందుకే నోటుబుక్కు చంకన బెట్టుకుని కోసిగి పక్క ఒకవ్వ దగ్గరికి మళ్లీ పోయినా. ఆమె మాటలు ఆమెకే చదివి వినిపించినా. మధ్యలో చెయ్యెత్తి ఆపింది.

‘‘పోతి, పోతి అని నేనన్నదంతా రాసినావు సారూ. ముందే దుడ్లిచ్చి నన్ను పొమ్మనిందెవురో నువ్వడగనే లేదే?’’

ఆ ఎవురో కోసరం పదకొండు నోటుబుక్కులూ మొదటి పేజీ నుంచి మళ్లీ చదువుతా ఉన్నా. ఆ గంపకు ఇంకా పేరు పెట్టలేదు.